కానుగ సబ్బు, ఓలియేట్, ఒక ఇసుక సంచి: రికవరీలు ఎందుకు కలవడం లేదు?

నురగ | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఖనిజ శుద్ధి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది రెండో సంవత్సరం. భీమిలికి ఉత్తరాన ఉన్న తీరం నుంచి మా విభాగం అనుమతితో తెచ్చిన ఇసుకలోని సిల్లిమనైట్ అనే ఖనిజాన్ని ఫ్లోటేషన్ పద్ధతిలో, అంటే గింజలను గాలి బుడగలకు అంటించి నురగలో తేల్చి, వేరు చేయడం నా పని. మాగ్నెటిక్ సెపరేటర్‌లో నల్లటి ఇల్మెనైట్, ఎర్రటి గార్నెట్ తీసేశాక మిగిలిన ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్, దానితోపాటు సిల్లిమనైట్, కొద్దిగా జిర్కాన్ ఉంటాయి. దానిని కాస్టిక్ సోడా నీటిలో బాగా రాపాడించి, బురద కడిగేసి, సోడియం సిలికేట్‌తో క్వార్ట్‌జ్‌ను అణచి ఉంచి, ఓలియేట్‌తో, అంటే ఓలిక్ ఆమ్లపు సబ్బుతో, సిల్లిమనైట్‌ను నురగలోకి తేలుస్తున్నాను.

లాబ్‌లో కొన్న సోడియం ఓలియేట్‌కు బదులుగా, కానుగ నూనెను కాస్టిక్‌తో ఉడికించి చేసిన సబ్బు పనికొస్తుందా అన్నది నా ప్రశ్న. కానుగ నూనెలో ఓలిక్ ఆమ్లమే ప్రధానం కాబట్టి పనికి రావాలనే నా నమ్మకం. సమస్య ఏమిటంటే, ఒకే సంచిలోని ఇసుక 500 గ్రాములు, ఒకే మోతాదు, ఒకే పీహెచ్, ఒకే సమయం పెట్టి చేసినా ఓలియేట్‌తో మూడు పరీక్షలలో 78, 71, 82 శాతం రికవరీ (వేసిన ఇసుకలోని సిల్లిమనైట్‌లో నురగలోకి వచ్చిన వాటా) వచ్చింది. ఆ తరువాతి వారం కానుగ సబ్బుతో చేసిన మూడింటిలో 84, 76, 86 వచ్చింది. సగటున కానుగ సబ్బు అయిదు శాతం మెరుగ్గా కనిపిస్తోంది, మా గైడు గారు కూడా సంతోషించారు. కానీ ఒకే మందుతో, అంటే ఒకే రకం సబ్బుతో, చేసిన పరీక్షల మధ్యనే పది పదకొండు శాతం తేడా వస్తున్నప్పుడు, రెండు మందుల మధ్య అయిదు శాతాన్ని నమ్మి పత్రం రాయడానికి నాకు మనసొప్పడం లేదు. తప్పు ఎక్కడ ఉందో చెప్పగలరా?

బీకరు | సోమవారం, రాత్రి 10:05

మీరు ముందుగా నీటిని అనుమానించాలని నా సలహా. తీరపు ఇసుక గింజల మీద సముద్రపు ఉప్పు పొరలా పట్టి ఉంటుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఓలియేట్‌తో కలిసి కరగని సబ్బుగా గడ్డకడతాయి. గట్టి నీటిలో బట్టల సబ్బు నురగ ఇవ్వకుండా తెల్లగా విరిగిపోవడం మనం ఇంట్లో చూసేదే, ఇక్కడ జరిగేదీ అదే. దానివల్ల మందు కొంత వృథా అవుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు ఇంకొకటి ఉంది. క్షారపు నీటిలో కాల్షియం క్వార్ట్‌జ్ ఉపరితలాన్ని పట్టుకుని, తేలకూడని క్వార్ట్‌జ్‌ను కూడా ఓలియేట్‌కు అంటుకునేలా చేస్తుంది. ప్రతి పరీక్షకూ డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నారా, కుళాయి నీరా? కడిగిన నీటి కండక్టివిటీ (కరిగిన ఉప్పు ఎంతో చూపే విద్యుత్ వాహకత) ఎంతకు దిగేవరకు కడుగుతున్నారు?

రెండో మాట విశ్లేషణ గురించి. సిల్లిమనైట్ శాతాన్ని ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరీక్షలో) వచ్చిన అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, నుంచి లెక్కిస్తున్నట్లయితే జాగ్రత్త పడాలి. శుద్ధమైన సిల్లిమనైట్‌లో అల్యూమినా 62.9 శాతం ఉంటుంది, అల్మండైన్ గార్నెట్‌లో కూడా ఇరవై శాతం దాటి ఉంటుంది. మాగ్నెట్‌కు దొరకకుండా నూటికి మూడు పాళ్లు గార్నెట్ మిగిలిందంటే, మీ లెక్కలో అది దాదాపు ఒక పాలు సిల్లిమనైట్‌గా నమోదవుతుంది. ఫెల్డ్‌స్పార్ ఉంటే అదీ అంతే. కనీసం కొన్ని శాంపిళ్లకైనా ఎక్స్‌ఆర్‌డీ (ఏ ఖనిజాలు ఉన్నాయో ఎక్స్‌రేలతో గుర్తించే పరీక్ష) చేయించి సరిచూసుకోవాలి.

గరివిడి_కుర్రాడు | సోమవారం, రాత్రి 10:31

అక్కా, ఓలియేట్ ద్రావణం ఏ రోజుకు ఆ రోజు కలుపుకుంటున్నారా? నిల్వ ఉంచితే గాలి తగిలి దాని గుణం మారుతుంది. మాది ఫెర్రో అల్లాయ్స్ వైపు పని కనుక ఫ్లోటేషన్ అనుభవం తక్కువ, చదువుకునే రోజులలో ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి అడుగుతున్నాను.

నురగ | మంగళవారం, ఉదయం 7:15

డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాను సార్. అయితే కండక్టివిటీ కొలవలేదు, నాలుగుసార్లు కడిగి వదిలేశాను. ఆ లోపం ఒప్పుకుంటున్నాను. గార్నెట్ మిగిలిందేమో ఎక్స్‌ఆర్‌డీలో చూపిస్తాను. ఓలియేట్ మాత్రం ప్రతి ఉదయం కొత్తగా కలుపుతున్నాను తమ్ముడూ.

పాత_బెల్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, నేను రిటైరై చాలా ఏళ్లయింది. ముప్పై ఏళ్లకు పైగా ఓడలకు ఎక్కే ఇనుప ఖనిజం నుంచి శాంపిల్ తీయడమే నా ఉద్యోగం. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ మార్గంలో వచ్చే ఖనిజంలో ఇనుము ఒక్క శాతం అటూ ఇటూ అయితే బిల్లు మారిపోయేది కాబట్టి, కెమిస్టు చేతికి పొడి అందేలోపే తప్పు ఎన్ని చోట్ల జరగగలదో కళ్లారా చూశాను. ఆ అనుభవంతో మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాను.

మొదటిది: రికవరీని ఎలా లెక్కిస్తున్నారు? తేలిన సిల్లిమనైట్ బరువును ఫీడ్‌లోని, అంటే పరీక్షకు వేసిన ఇసుకలోని, సిల్లిమనైట్ బరువుతో భాగిస్తున్నారనుకుందాం. ఆ ఫీడ్ శాతాన్ని ప్రతి పరీక్షకూ విడిగా తీశారా, లేక సంచి విప్పిన రోజు ఒకసారి విశ్లేషించి అదే అంకెను ఆరు పరీక్షలకూ వాడారా? ఒకే అంకె వాడి ఉంటే వెంటనే ఒక పని చేయండి. ప్రతి పరీక్షలోనూ నురగలో వచ్చినదాని బరువు, శాతం, అడుగున మిగిలిన టెయిలింగ్స్ బరువు, శాతం మీ నోట్‌బుక్‌లో ఉంటాయి కదా. ఆ రెంటినీ కలిపి, ఫీడ్‌లో సిల్లిమనైట్ ఎంత ఉండి ఉండాలో వెనక్కి లెక్కించండి. ఉదాహరణకు వెయ్యి గ్రాముల ఫీడ్‌లో నురగలో 150 గ్రాములు 60 శాతంతో, టెయిలింగ్స్‌లో 850 గ్రాములు 3 శాతంతో వచ్చాయనుకుంటే, మొత్తం సిల్లిమనైట్ 90కి 25.5 కలిపి 115.5 గ్రాములు, అంటే ఫీడ్ 11.55 శాతం. మీరు 12 అని రాసుకుని ఉంటే రికవరీ 75 అని వస్తుంది, నిజానికి అది 78. మందు మార్చకుండానే, చేయి కదపకుండానే మూడు శాతం తేడా!

రెండోది: 500 గ్రాములను సంచిలోంచి ఎలా తీశారు? స్కూపుతో పైనుంచి తీశారా? ఓలియేట్ పరీక్షలు ముందు, కానుగ సబ్బు పరీక్షలు ఆ తరువాత చేశానన్నారు. అంటే రెండో వారానికి మీ స్కూపు సంచి అడుగుకు దగ్గరయింది. తీరపు ఇసుక మిగతా పొడుల లాంటిది కాదు. సిల్లిమనైట్ సాంద్రత 3.2, క్వార్ట్‌జ్‌ది 2.65. పైగా సముద్రం తన అల బలంతోనే వాటిని వేరు చేసి పెట్టింది కనుక బరువైన గింజలు సాధారణంగా సన్నగా ఉంటాయి. బరువు, సన్నదనం రెండూ కలిసినవి పెద్ద గింజల సందులలోంచి కిందికి జారుతూనే ఉంటాయి. నమ్మకం కుదరకపోతే ఇసుకను గాజు సీసాలో సగం దాకా పోసి, బల్ల మీద ఇరవైసార్లు మెల్లగా తట్టి, పక్కనుంచి చూడండి.

నేను పనిచేసిన చోట, పేరు అనవసరం, కొత్తగా చేరిన ఒక కుర్రవాడు కొన్ని వారాలు బెల్టు అంచు నుంచి పారతో శాంపిల్ తీశాడు. అంచుకు దొర్లేవి పెద్ద ముక్కలు, పొడి మధ్యలో ఉంటుంది, అల్యూమినా ఎక్కువగా ఉండేది ఆ పొడిలోనే. మా లెక్కలో ఖనిజం అసలుకన్నా బాగా కనిపించింది, ఓడ దిగిన చోట వాళ్ల లెక్కలో అలా రాలేదు. కుర్రవాడు మోసం చేయలేదు. ఎక్కడ చేయి పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ జీ గారు జీవితమంతా ఈ ఒక్క విషయం మీదే పనిచేశారు: ముద్దలోని ప్రతి గింజకూ శాంపిల్‌లోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి, అది లేనిది శాంపిల్ కాదు, చేతికి దొరికిన ముక్క మాత్రమే.

నురగ | మంగళవారం, రాత్రి 11:50

గురువు గారూ, మీరు చెప్పినట్టే లెక్క వేశాను. ఇంతవరకూ చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అవును, సంచి విప్పిన రోజు పైనుంచి తీసిన ఒక శాంపిల్‌లో వచ్చిన 12 శాతాన్నే ఆరింటికీ వాడాను. వెనక్కి లెక్కిస్తే ఓలియేట్ పరీక్షల ఫీడ్ వరుసగా 12.3, 11.2, 12.9 అని, కానుగ సబ్బు పరీక్షల ఫీడ్ 13.1, 11.9, 13.4 అని తేలింది. అసలు ఫీడ్‌తో భాగించి చూస్తే 78, 71, 82 కాస్తా 76.1, 76.1, 76.3 అయ్యాయి. 84, 76, 86 కాస్తా 76.9, 76.6, 77.0 అయ్యాయి. నేను చూసిన పదకొండు శాతం తేడా మందుది కాదు, నీటిది కాదు, సంచిది.

సీసా పరీక్ష కూడా చేశాను. మాగ్నెట్‌కు వేయని ఇసుకను సీసాలో పోసి తట్టాను. పది పన్నెండు దెబ్బలకే పైన లేత పసుపు ఇసుక తేలింది, సీసా అడుగున వేలి మందం నల్లటి పట్టీ, దాని మీద సన్నగా ఎర్ర గీత కనిపించాయి. ఆ సంచిని భీమిలి నుంచి ఆటోలో తెచ్చాను, మూడు అంతస్తులు మెట్ల మీద దించి దించి ఎక్కించాను.

ఖొండలైట్ | బుధవారం, ఉదయం 6:30

ఇక్కడితో ఆగకండి అమ్మా. సంచిలో జరిగింది మనకు తెలిసింది, కానీ అంతకన్నా పెద్ద వేరుపాటు సంచిలోకి రాకముందే తీరంలో జరిగిపోయింది.

మన తూర్పు కనుమలలో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. కోందు ప్రజల పేరు మీద 1902లో వాకర్ గారు దానికి ఆ పేరు పెట్టారు. కైలాసగిరి, సింహాచలం కొండలలో ఆ రాయిని మనం రోజూ చూస్తూనే ఉంటాం. అందులో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ ఉంటాయి. కొండ రాయి శిథిలమై వాగుల్లోనూ, గోస్తనిలోనూ కొట్టుకొచ్చి, భీమిలి దగ్గర సముద్రానికి చేరుతుంది. అక్కడ ప్రతి అలా ఒక జల్లెడే. ఎక్కి వచ్చేటప్పుడు బలంగా అన్నిటినీ మోసుకొస్తుంది. వెనక్కి మళ్లేటప్పుడు బలం తగ్గి తేలికైన క్వార్ట్‌జ్‌ను మాత్రమే తీసుకుపోతుంది. సముద్రం పోటెక్కి ఉన్న రోజుల తరువాత తీరం నల్లగా కనిపించడానికి కారణం అదే.

మీరు ఇసుక ఎలా తీశారో రాయలేదు, కానీ చాలామంది నల్లగా కనిపించిన చోట పై నాలుగు అంగుళాలు పారతో ఎత్తి సంచి నింపుతారు. ఒక్కసారి అదే చోట మోకాలి లోతు గొయ్యి తీసి, గోడను చేత్తో నున్నగా చేసి చూడండి. చీర అంచులా సన్నటి నల్ల గీత, దాని కింద బెత్తెడు తెల్ల ఇసుక, మళ్లీ అగ్గిపుల్ల మందం ఎర్ర గార్నెట్ పొర, దాని కింద మళ్లీ తెలుపు కనిపిస్తాయి. ఒక్కో గీత ఒక్కో పోటు రోజుల గుర్తు. పైపొర మాత్రమే తీస్తే మీరు ఆ తీరాన్ని పరీక్షించడం లేదు, నిన్నటి వారం సముద్రాన్ని పరీక్షిస్తున్నారు. పీవీసీ గొట్టం నిటారుగా దించి మొత్తం లోతు తీయాలి. నీటి అంచు నుంచి దిబ్బ దాకా ఒక వరుసలో సమాన దూరాలలో తీయాలి. ఒకసారి వానాకాలం తరువాత, ఒకసారి వేసవిలో తీయాలి. నైరుతి రుతుపవనాలలో తీరం వెంబడి ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య కాలంలో దక్షిణానికి మళ్లుతుంది. అందుకే కాలం చెప్పని శాంపిల్‌కు నా దృష్టిలో సగం విలువే.

ఇంకో సంగతి, విశాఖ విద్యార్థులందరికీ చెబుతుంటాను. దగ్గరగా ఉందని ఆర్కే బీచ్ ఇసుక తెచ్చి, అది సహజమైన తీరం అన్నట్టు పత్రాలు రాయకండి. పోర్టు గోడలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపేస్తున్నాయి కాబట్టి, పోర్టు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆ బీచ్ మీద పోయడం దశాబ్దాలుగా జరుగుతోంది. అక్కడి పొరలలో కొన్ని సముద్రం పేర్చినవి, కొన్ని పంపు పేర్చినవి. అలాగే ఎర్రమట్టి దిబ్బల జోలికి ఎవరూ వెళ్లవద్దు. అది రక్షించుకోవలసిన భూవారసత్వం, అక్కడ పార దించడం తప్పు.

మన తీరాన్ని శ్రద్ధగా చదివిన పెద్దలు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖను నిలబెట్టిన మహదేవన్ గారు, శ్రీరామదాస్ గారితో కలిసి 1948లోనే విశాఖ జిల్లా తీరపు ఇసుకలోని మోనజైట్ అనే థోరియం ఖనిజం గురించి పత్రం ప్రచురించారు. ఆ తీరం మీద ఇప్పుడు మనం చేసే పనికి ఆ మాత్రం నిష్ఠ ఉండాలని నా కోరిక.

బీకరు | బుధవారం, ఉదయం 9:10

పెద్దల మాటతో నేను విభేదించడం లేదు, లెక్క తేటతెల్లంగా ఉంది. అయినా అంతా శాంపిల్ మీదికి నెట్టేసి నీటిని మరచిపోవద్దని మనవి. ఇప్పుడు తేడాలు అర శాతంలోకి వచ్చాయి కనుక, నిన్నటిదాకా కనిపించని చిన్న తప్పులు ఇకపై పైకి వస్తాయి. కడిగిన నీటి కండక్టివిటీ డిస్టిల్డ్ వాటర్ స్థాయికి దిగేవరకు కడగాలి. పైగా మీ కానుగ సబ్బులో మిగిలిపోయిన కాస్టిక్ ఎంతో కొలిచారా? అది పీహెచ్‌ను పెంచి, తన పని తాను చేసి, ఆ ఘనతను సబ్బు ఖాతాలో వేస్తుంది.

మూడో_అంకె | బుధవారం, రాత్రి 8:45

నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతాను. ఈ చర్చలో నా వంతుగా చెప్పవలసింది ఒకటే: మొదట వచ్చిన ఆరు అంకెలే, ఫీడ్ సంగతి తెలియకముందే, ఆ అయిదు శాతాన్ని నమ్మవద్దని చెబుతున్నాయి. ఓలియేట్ సగటు 77, కానుగ సగటు 82. రెండు గుంపులలోనూ అంకెల చెదరు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, దాదాపు 5.4. మూడేసి పరీక్షల సగటుల మధ్య తేడాకు ఉండే సహజమైన ఊగిసలాటే దాదాపు 4.4. అయిదును దానితో భాగిస్తే 1.1 వస్తుంది. 95 శాతం భరోసాతో తేడా ఉందని చెప్పాలంటే అది 2.78 దాటాలి. అంత చెదరు ఉన్న పద్ధతితో అయిదు శాతం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో మందుకు దాదాపు ఇరవై పరీక్షలు చేయవలసి వస్తుంది. అదే చెదరును 1.5కు తగ్గించగలిగితే నాలుగేసి చాలు. శాంపిల్ మీద పెట్టే రెండు రోజుల శ్రమ, ఫ్లోటేషన్ సెల్ ముందు నిలబడే నెల రోజులను ఆదా చేస్తుంది.

అరుదైన ఖనిజాలకు ఇది ఇంకా కఠినం. ఖొండలైట్ గారు మోనజైట్ ప్రస్తావించారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. 0.15 మిల్లీమీటర్ల మోనజైట్ గింజ బరువు సుమారు 9 మైక్రోగ్రాములు. ఇసుకలో మోనజైట్ 0.1 శాతం ఉంటే, ఒక గ్రాము ఇసుకలో అలాంటి గింజలు నూటపది దాకా ఉంటాయి. ఎంత చక్కగా కలిపినా, ఎంత నిజాయితీగా పంచినా, ఒక్కో గ్రాములో ఆ సంఖ్య దాదాపు పది శాతం అటూ ఇటూ ఊగుతుంది. అది కొలిచేవాళ్ల తప్పు కాదు, గింజల స్వభావం. పది గ్రాములు తీసుకుంటే ఊగిసలాట మూడు శాతానికి తగ్గుతుంది. ఇక మైక్రోస్కోపు కింద 300 గింజలు లెక్కపెట్టి శాతాలు రాసేవారిని చూస్తుంటాను. వెయ్యి గింజలకు ఒకటి ఉండే ఖనిజం, 300 గింజలలో నాలుగింట మూడుసార్లు అసలే కనిపించదు. అప్పుడు పట్టికలో సున్నా రాస్తారు. తీరంలో ఆ ఖనిజం ఉంటుంది, పట్టికలో ఉండదు.

గరివిడి_కుర్రాడు | గురువారం, ఉదయం 6:50

మా దగ్గర శాంపిల్ అంటే కుప్ప పోసి, అణచి, నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లు తీసుకోవడమే. దానిని అందరూ ప్రామాణికం అంటారు. తీరపు ఇసుకకు అది సరిపోతుందా సార్?

పాత_బెల్టు | గురువారం, మధ్యాహ్నం 3:15

సరిపోదు బాబూ. కుప్ప పోస్తున్నప్పుడే సన్నవి నడుమ దిగిపోతాయి, ముతకవి అంచులకు దొర్లుతాయి. కుప్ప మొన సరిగ్గా మధ్యలో లేకపోయినా, కోత కాస్త పక్కకు జరిగినా నాలుగు పాళ్లు నాలుగు రకాలవుతాయి. 1970లో అలెన్, ఖాన్ అనే ఇద్దరు ముతక, సన్న ఇసుకలను 60కి 40 పాళ్లలో కలిపి, అయిదు పద్ధతులను పోల్చి చూశారు. కుప్ప పోసి నాలుగు పాళ్లు చేసే పద్ధతిలో చెదరు 6.81 శాతం, స్కూపుతో తీస్తే 5.14, ఇసుకను పక్కపక్క కాలువలలోంచి రెండు వైపులకూ సగం సగం పంచే రిఫుల్ స్ప్లిట్టర్‌లో 1.01, తిరుగుతూ గిన్నెలలోకి పంచే స్ప్లిట్టర్‌లో 0.125. మనం నమ్ముకున్న కుప్ప పద్ధతి స్కూపు కన్నా వెనకబడింది! జారే గుణం లేని, తడి పట్టిన ఖనిజానికి అది కొంత నయం. పొడి ఇసుకకు మాత్రం పనికిరాదు.

నురగ గారూ, మీ విభాగంలో తిరిగే స్ప్లిట్టర్ ఉంటే అదృష్టమే. లేకపోతే రిఫుల్ స్ప్లిట్టర్‌తో జాగ్రత్తగా చేయండి. కాలువల సంఖ్య సరిసంఖ్యగా ఉండాలి. ఇసుకను దాని వెడల్పంతా ఉన్న పళ్లెంతో, అన్ని కాలువలలోనూ ఒకేసారి పడేలా నిదానంగా వంచాలి. బకెట్టుతో మధ్యలో కుమ్మరిస్తే పేరుకు మాత్రమే స్ప్లిట్టర్ వాడినట్లవుతుంది. 32 కిలోలు తీసుకుని సగం, మళ్లీ సగం చొప్పున ఆరు వరుసలు చేస్తే అరకిలో పొట్లాలు 64 వస్తాయి. ఒక్క పొట్లాన్ని కూడా పారేయకండి, అన్నిటికీ అంకెలు వేసి మూతి కట్టి పెట్టండి. ఫ్లోటేషన్ మొదలుపెట్టే ముందే అయిదు పొట్లాలను చీటీలు తీసి ఎంచుకుని విశ్లేషణకు పంపండి. వాటి మధ్య తేడా ఎంతో తెలిశాకే మందు ముట్టుకోండి. ఇక ఓలియేట్ ఒక వారం, కానుగ ఒక వారం అని చేయవద్దు. ఏ పొట్లానికి ఏ మందు, ఏ రోజు అన్నది చీటీ చెప్పాలి.

బెల్టు నుంచి తీసేవాళ్లు కూడా ఇది చదువుతుంటే వారికో మాట. పారే ప్రవాహం మొత్తాన్నీ అడ్డంగా కోయాలి, ఒక పక్క మాత్రమే కాదు. కోసే పెట్టె నోరు అతి పెద్ద ముక్కకు కనీసం మూడింతలు ఉండాలి, దాని వేగం సెకనుకు 0.6 మీటర్లు దాటకూడదు.

ఖొండలైట్ | గురువారం, సాయంత్రం 5:00

చిన్న హెచ్చరిక. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 9 శాతం ఉంటుంది, అందువల్ల అది 1962 అణుశక్తి చట్టం పరిధిలోని పదార్థం. 2019 నుంచి తీరపు ఇసుక ఖనిజాల తవ్వకం ప్రభుత్వ సంస్థలకే పరిమితమైంది. పరిశోధన కోసమైనా సరే, మోనజైట్ పోగుపడే భాగాన్ని విడిగా నిల్వ ఉంచే ముందు మీ సంస్థ ద్వారా రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. సొంతంగా సంచి పట్టుకుని తీరానికి వెళ్లకండి.

నురగ | ఆరు వారాల తరువాత, ఆదివారం, మధ్యాహ్నం 12:10

మీ అందరికీ చెప్పవలసిన బాకీ ఉంది కాబట్టి వచ్చాను.

మా విభాగం తరఫున మళ్లీ తీరానికి వెళ్లి, ఖొండలైట్ మేడం చెప్పినట్టు నీటి అంచు నుంచి దిబ్బ దాకా వరుసగా గొట్టం దించి, పూర్తి లోతు ఇసుక తీశాం. గొయ్యి గోడలో ఆ ఎర్ర గీతను నా కళ్లతో చూశాను, ఫొటో తీసి థీసిస్‌లో మొదటి బొమ్మగా పెట్టుకున్నాను. తిరిగే స్ప్లిట్టర్ మాకు లేదు. రిఫుల్ స్ప్లిట్టర్‌తో 32 కిలోలను పంచడానికి రెండు రోజులు పట్టింది. చీటీలు తీసిన అయిదు పొట్లాలలో సిల్లిమనైట్ 12.1 నుంచి 12.4 మధ్యనే ఉంది. ఆ అంకెలు చూసినప్పుడు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. బీకరు గారి మాట ప్రకారం కండక్టివిటీ నిలకడగా దిగేవరకు కడిగాను, నాలుగుసార్లు కాదు, తొమ్మిదిసార్లు కడగవలసి వచ్చింది. కానుగ సబ్బులో మిగులు కాస్టిక్‌ను కొలిచి, రెండు మందులకూ పీహెచ్ సమానం చేశాను. మిగిలిన గార్నెట్‌ను ఎక్స్‌ఆర్‌డీతో సరిచూసుకున్నాను.

చీటీల వరుసలో చేసిన పది పరీక్షలు ఇవి. ఓలియేట్: 76.2, 77.5, 75.1, 76.9, 76.3. కానుగ సబ్బు: 77.8, 76.4, 78.9, 77.1, 78.3. నురగలో వచ్చిన సిల్లిమనైట్ శాతం రెండింటిలోనూ దాదాపు సమానమే. సగటులు 76.4, 77.7. అంటే అయిదు శాతం అనుకున్నది 1.3 శాతానికి దిగింది. గైడు గారికి ఇదంతా చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత పాత పట్టికను పత్రంలోంచి తీసేద్దామని తానే అన్నారు. ఇప్పుడు ఈ 1.3ను ఏమని రాయాలి?

మూడో_అంకె | ఆదివారం, రాత్రి 9:30

మొదట అభినందనలు. చెదరు 5.4 నుంచి ఒకటికి లోపే వచ్చింది. ఇక 1.3 సంగతి: ఊగిసలాట 0.6 దగ్గర ఉంది, భాగిస్తే 2.2 వస్తుంది, కావలసింది 2.31. అంటే 95 శాతం భరోసాతో అసలు తేడా సున్నాకు ఒక్క పిసరు దిగువ నుంచి 2.7 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి కానుగ సబ్బు మెరుగైనదని రాయవద్దు. కానీ అదే అంకెలను రెండో వైపు నుంచి చూడండి. కానుగ సబ్బు ఓలియేట్ కన్నా తక్కువైతే, ఆ తక్కువ 0.1 శాతాన్ని మించదని అదే భరోసాతో రాయవచ్చు. మన ఊళ్లలో రోడ్డు పక్కన కాసే చెట్టు గింజల నూనె, లాబ్ ఓలియేట్‌కు తీసిపోదన్నది బలమైన ఫలితం. మీరు మొదట అడిగిన ప్రశ్న కూడా పనికొస్తుందా అనే కదా.

పాత_బెల్టు | సోమవారం, ఉదయం 10:20

చాలా సంతోషం అమ్మా. తరువాత ఎవరైనా తప్పకుండా అడిగేది ఒకటి ఉంది: వేరే చెట్ల గింజలు, వేరే ఏడాది నూనె అయితే ఇదే సబ్బు ఇలాగే పనిచేస్తుందా? అప్పుడు కొత్త సబ్బును పాత ఇసుక మీదే పరీక్షించాలి. మీ దగ్గర ఇంకా ఎన్ని పొట్లాలు మిగిలి ఉన్నాయి?

నురగ | సోమవారం, ఉదయం 11:05

నలభై తొమ్మిది ఉన్నాయి గురువు గారూ. అన్నిటి మీదా అంకె, తేదీ రాసి, మూతి కట్టి, అలమారలో పెట్టి తాళం వేశాను. కొత్త గింజల నూనె వచ్చే నెల వస్తుంది.